స్పానిష్ క్రియల యాప్ రివ్యూ: గళ్లు నింపడం వచ్చింది, 'చెప్పి ఉంటే' మాత్రం నేనే తిప్పలు పడి నేర్చుకున్నా

5కి 3 స్టార్లు. నాలుగు ఇవ్వాలని చెయ్యి లాగుతోంది గానీ ఇవ్వను, ఎందుకో కింద చెప్తాను. ఇది స్పానిష్ క్రియారూపాలు ప్రాక్టీస్ చేయించే యాప్. కొత్త మాటలు నేర్పదు, కథలు చెప్పదు, బొమ్మలు చూపించదు. ఒక క్రియ ఇస్తుంది, ఒక కాలం ఇస్తుంది, 'నేను', 'నువ్వు', 'వాళ్లు' అంటూ ఎవరో ఒకరిని ఇస్తుంది, రూపం మనం టైప్ చెయ్యాలి. అంతే పని. మూడు నెలలు వాడాను, మామూలుగా రోజుకి పావుగంట, పట్టుదల వచ్చిన రోజున గంట. తీసుకున్నది మాత్రం ఒకే ఒక్క కాలం కోసం, స్పానిష్‌లో దాన్ని ప్లూస్క్వాంపెర్ఫెక్తో దే సుబ్‌హుంతీబో అంటారు (సుబ్‌హుంతీబో అంటే ఊహ, కోరిక, అనుమానం లాంటి చోట్ల వచ్చే ఊహార్థక రూపం). ఆ పేరు చూడగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. నేనూ మూసేశాను, రెండుసార్లు.

పేరుకి భయపడకండి, సంగతి మనకి బాగా తెలిసిందే. "నువ్వు చెప్పి ఉంటే నేను వచ్చేదాన్ని" అంటాం కదా, అందులో 'చెప్పి ఉంటే' అన్న ముక్క ఈ కాలంలో ఉంటుంది. చెప్పలేదు, రాలేదు, అయిపోయింది, అయినా కూర్చుని 'చెప్పి ఉంటే' అనుకోవడం. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లందరికీ ఇష్టమైన కాలం అన్నమాట. మెక్సికోలో "ఎల్ ఉబ్యేరా నో ఎక్సిస్తే" అని ఒక మాట ఉంది, 'ఉంటే' అనేదేదీ లేదు, జరిగిందేదో జరిగింది, వదిలెయ్ అని అర్థం. సహాయక క్రియని పట్టుకొచ్చి, దాన్నే ఒక వస్తువు పేరులా వాడి, అసలు అది లేనే లేదు పొమ్మన్నారు. నాకు ఈ కాలం మీద ప్రేమ పుట్టింది ఆ మాట విన్న రోజునే, యాప్ వల్ల కాదు.

సరే, యాప్ బాగా చేసే పని ముందు చెప్తా. ఈ కాలంలో అసలు క్రియ మారదు, పక్కనున్న అబేర్ అనే సహాయక క్రియ మాత్రమే మారుతుంది. నేనైతే ఉబ్యేరా, నువ్వైతే ఉబ్యేరాస్, అతనో ఆమో అయితే మళ్లీ ఉబ్యేరా, మేమైతే ఉబ్యేరామోస్, స్పెయిన్‌లో 'మీరంతా' అంటే ఉబ్యేరాయిస్, వాళ్లయితే ఉబ్యేరాన్. రాసేటప్పుడు వీటన్నిటికీ ముందు హెచ్ అక్షరం ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు, విని రాసేవాళ్లు తప్పు చేసేది సరిగ్గా అక్కడే. దీని పక్కన క్రియ ఒకటే రూపంలో కూర్చుంటుంది. అబ్లార్ అంటే మాట్లాడటం, అది అబ్లాదో అవుతుంది. కొమేర్ అంటే తినడం, కొమీదో. బిబీర్ అంటే బతకడం, బిబీదో. 'ఆర్'తో ముగిసేవాటికి 'ఆదో', 'ఏర్', 'ఈర్'తో ముగిసేవాటికి 'ఈదో'. నియమం తప్పని క్రియలు వేలున్నా ఇంతే. యో ఉబ్యేరా అబ్లాదో, నేను మాట్లాడి ఉంటే. నోసోత్రోస్ ఉబ్యేరామోస్ కొమీదో, మేం తిని ఉంటే. ఆరు రూపాలు వచ్చేస్తే ప్రపంచంలోని క్రియలన్నీ వచ్చేసినట్టే.

అది యాప్ ఎలా చేయించిందంటే, మొదటి వారం నాకు కొత్త క్రియ ఒక్కటి కూడా ఇవ్వలేదు. అబ్లార్ ఒక్కదాన్నే పట్టుకుని ఆరు గళ్లూ తిప్పి తిప్పి అడిగింది, వరస మార్చి అడిగింది, టైము పెట్టి అడిగింది. ఎనిమిదో రోజు అకస్మాత్తుగా ట్రబాహార్ (పని చెయ్యడం) అని ఇచ్చింది, చెయ్యి దానంతట అదే ఉబ్యేరాన్ ట్రబాహాదో అని కొట్టేసింది. మారేది సహాయక క్రియే అని ఎక్కడా పాఠం చెప్పకుండా, వేళ్లకే అర్థమయ్యేలా చేసింది. దీనికే రెండు స్టార్లు.

ఇంకో చిన్న కిటుకు కూడా యాప్‌లోనే దొరికింది. భూతకాలంలో 'వాళ్లు' రూపం ఉబ్యేరోన్, దాని తోక 'రోన్' తీసేసి 'రా' పెడితే ఉబ్యేరా వచ్చేస్తుంది. ఇది అబేర్‌కే కాదు, మామూలు సుబ్‌హుంతీబో భూతకాలంలో ఏ క్రియకైనా పనిచేస్తుంది, అబ్లారోన్ నుంచి అబ్లారా, తుబ్యేరోన్ నుంచి తుబ్యేరా. నియమం తప్పే క్రియలు కూడా ఈ దారిలో బుద్ధిగా నడుస్తాయి. ఈ ఒక్క ముక్క నాకు కనీసం పది పట్టికలు బట్టీపట్టే పని తప్పించింది. మూడో స్టారు దీనికి.

ఇక తిట్లు.

నాలుగో రోజు అనుకుంటా, 'మేము – అబ్లార్' అని అడిగింది. ఉబ్యేరామోస్ అబ్లాదో అని కొట్టాను. ఎర్రగా తప్పు. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పు. మూడోసారి అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాను, మళ్లీ తప్పు. కింద సరైన జవాబు చూపించింది, నాది పైన, అది కింద, రెండూ ఒకేలా ఉన్నాయి! ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తే 'యే' పలికే చోట అక్షరం మీద ఈగ వాలినంత చిన్న గీత ఉంది. ఆరు రూపాల్లో ఈ ఒక్కదానికే గీత. ఎందుకో యాప్ చెప్పదు. చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు: స్పానిష్‌లో చివరి నుంచి మూడో అక్షరభాగం మీద ఊపు (నొక్కి పలకడం) పడితే గీత తప్పనిసరి, ఉ-బ్యే-రా-మోస్‌లో ఊపు 'బ్యే' మీద ఉంది, అది చివరి నుంచి మూడోది. మిగతా ఐదింట్లో అదే 'బ్యే' చివరి నుంచి రెండోది, అందుకే గీత అక్కర్లేదు. ఈ కారణం తెలిశాక ఇంకెప్పుడూ మర్చిపోలేదు. అంతవరకు మాత్రం కీబోర్డుని తిట్టుకుంటూ కూర్చున్నా. గీత మర్చిపోతే 'దాదాపు సరే, గీత చూసుకో' అని పసుపు రంగు చూపించే పద్ధతి పెట్టొచ్చు కదా. ఇందులో ఎరుపు, ఆకుపచ్చ తప్ప మూడో రంగు లేదు.

దీనికంటే ఒళ్లు మండించింది ఇంకోటి. ఈ కాలానికి రెండు జతలున్నాయి. ఉబ్యేరా ఎంత సరైనదో ఉబ్యేసే కూడా అంతే సరైనది. ఉబ్యేసే, ఉబ్యేసేస్, ఉబ్యేసే, ఉబ్యేసేమోస్, ఉబ్యేసేయిస్, ఉబ్యేసేన్. స్పానిష్ అకాడమీ పట్టికల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. 'రా' జత ఎక్కువ వినిపిస్తుంది, లాటిన్ అమెరికాలో మరీను. 'సే' జత స్పెయిన్‌లో మాటల్లోనూ, రాతలో అన్నిచోట్లా కనిపిస్తుంది. నేను చదివే పాఠ్యపుస్తకం స్పెయిన్‌ది, అందులో రెండూ ఉన్నాయి, కాబట్టి ఒకరోజు సరదాగా ఉబ్యేసే కొమీదో అని కొట్టాను. తప్పంది. తప్పనడమే కాదు, నా 26 రోజుల వరస (రోజూ మానకుండా చేసిన లెక్క) తెంపేసింది! సరైన జవాబుని తప్పనడం ఒక నేరం, దానికి శిక్ష వెయ్యడం రెండో నేరం. రిపోర్ట్ బటన్ నొక్కాను. పదకొండు రోజులకి జవాబొచ్చింది, సెట్టింగ్స్‌లో 'సే రూపాలు కూడా ఒప్పుకో' అని ఒక మీట ఉందట, మొదట్నుంచీ అది ఆఫ్‌లో ఉంటుందట. వెళ్లి చూస్తే నిజంగానే ఉంది, అన్నిటికంటే అడుగున, శబ్దాల వాల్యూమ్ కింద. ఇది ఎవరికి తడుతుంది చెప్పండి.

రెండు జతలు ఎందుకున్నాయో తెలుసుకుంటే ఆ కోపం కాస్త చల్లారింది. 'సే' రూపం లాటిన్‌లోని ఊహార్థక రూపం నుంచి వచ్చింది, అమావిస్సెమ్ లాంటిది. 'రా' రూపం మాత్రం అసలు ఊహార్థకమే కాదు, లాటిన్‌లో 'అప్పటికే చేసి ఉన్నాను' అని మామూలుగా చెప్పే అమావెరామ్ అన్న రూపం. అది కాలక్రమంలో 'ఉంటే' వైపు జరుగుతూ జరుగుతూ వచ్చి 'సే' పక్కనే కూర్చుంది, తర్వాత దాని కుర్చీ కూడా ఆక్రమించేసింది. పక్కింటి నుంచి వచ్చినవాడు ఇంటి యజమాని అయిపోయాడన్నమాట. ఇప్పటికీ పత్రికల భాషలో అక్కడక్కడా 'రా' రూపాన్ని పాత అర్థంలోనే వాడతారు, అది చూసి కొత్తవాళ్లు తికమకపడతారు.

పేరు గురించి కూడా ఒక మాట. యాప్‌లో ప్లూస్క్వాంపెర్ఫెక్తో అన్న పేరు ఒక్కటే ఉంది. మెక్సికో పుస్తకం చదివేవాళ్లకి అందులో అంతెప్రెతేరితో అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. ఈ రెండో రకం పేర్లు ఆంద్రెస్ బేయో పెట్టిన పద్ధతిలోవి. కరాకస్‌లో పుట్టి చిలీలో స్థిరపడిన ఆయన 1847లో లాటిన్ అమెరికా వాళ్ల కోసం వ్యాకరణం రాస్తూ, కాలాలకి పాత లాటిన్ పేర్లు కాకుండా అర్థం తెలిసే పేర్లు కట్టాడు. 'అంతె' అంటే ముందు, కాబట్టి 'భూతకాలానికి ముందుది' అని పేరే చెప్పేస్తుంది. నన్నడిగితే ఇదే మంచి పేరు. బ్రాకెట్‌లో ఒక్కమాట రాసి ఉంటే సరిపోయేది (చూశారా, ఈ కాలం లేకుండా రివ్యూ కూడా రాయలేకపోతున్నా).

ఇంకో తప్పు నాదే, కానీ యాప్ సాయం చెయ్యలేదు. ఎయ్యా అంటే ఆమె. యెగార్ అంటే చేరుకోవడం. 'ఆమె చేరి ఉంటే' అని రాయాల్సి వచ్చినప్పుడు నేను ఎయ్యా ఉబ్యేరా యెగాదా అని రాశాను, ఆడమనిషి కదా, 'దో' ఎలా వస్తుంది అని. స్పానిష్‌లో 'ఆమె అలసిపోయింది' అనడానికి ఎస్తా కన్సాదా అంటారు, అక్కడ 'దా' వస్తుంది, అందుకే చెయ్యి అటు పోయింది. యాప్ ఎర్రగీత పెట్టి యెగాదో అని చూపించి ఊరుకుంది. టైపింగ్ పొరపాటనుకుని మర్నాడు మళ్లీ అదే తప్పు చేశాను. అసలు సంగతేమిటంటే, ఎస్తార్, సేర్ ('ఉండటం', 'అవడం' అనే క్రియలు) పక్కన ఉన్నప్పుడు ఆ మాట విశేషణంలా ఆడ, మగ, ఏక, బహు అన్నీ చూసుకుంటుంది, అబేర్ పక్కన ఉన్నప్పుడు ఏదీ చూసుకోదు, రాయిలా కూర్చుంటుంది. ఎంతమంది ఆడవాళ్లు వచ్చి ఉన్నా యెగాదో. మన 'వచ్చి' కూడా అంతే కదా, ఆడా లేదు మగా లేదు, ఆమె వచ్చి, అతను వచ్చి, వాళ్లు వచ్చి.

ఈ పోలిక తట్టిన రోజు నాకు నిజంగా లైటు వెలిగింది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతా. 'చెప్పి ఉంటే' అన్నదాన్ని విడదీసి చూడండి. 'చెప్పి', మన వ్యాకరణంలో క్త్వార్థకం. 'ఉంటే', చేదర్థకం. అసలు పని ఒక మాటలో, షరతు ఇంకో మాటలో. ఉబ్యేరా దీచో అంటే? ఉబ్యేరా మన 'ఉంటే', దీచో మన 'చెప్పి'. యంత్రం ఒకటే, బిగించిన వరసే తిరగబడింది. వాళ్లు 'ఉంటే'ని ముందు పెడతారు, మనం వెనక పెడతాం. ఒక్క తేడా ఏమిటంటే మన 'ఉంటే' ఎవరి గురించైనా 'ఉంటే'నే, వాళ్లది ఆరు వేషాలు వేస్తుంది. అదే రెండో సగానికి వెళ్తే మనమే వేషాలు వేస్తాం: వచ్చేదాన్ని, వచ్చేవాణ్ణి, వచ్చేవాళ్లం, వచ్చేది. అక్కడ స్పానిష్ ఆడామగా చూడదు. నలభై రోజులు గళ్లు నింపినా రాని ధీమా ఈ ఒక్క పోలికతో వచ్చింది. యాప్ ఏ భాషవాళ్లకి ఆ భాషలో చెప్పాలని నేను అనను, అది ఆశపడటం అవుతుంది. కానీ కనీసం 'ఈ రెండు ముక్కల్లో ఏది ఏ పని చేస్తుంది' అని ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా.

చెప్పకపోతే పోనీ, తప్పు చెప్తే ఎలా? ఈ కాలం పేజీ పైన యాప్ రాసిన వివరణ మొత్తం ఒక్క లైను: 'జరగని గతం గురించి చెప్పడానికి'. నేనది నమ్మాను. నమ్మి, బీ2 స్థాయి (మధ్యస్థం కంటే ఒక మెట్టు పైది) పరీక్షకి చదువుతూ ఒక పాత ప్రశ్నలో "మే అలెగ్రో కే ఉబ్యేరాస్ యమాదో" అని చూసి బుర్ర తిరిగిపోయింది. 'నువ్వు ఫోన్ చేసినందుకు నాకు సంతోషమేసింది' అని దాని అర్థం. ఫోన్ చేశాడు! జరిగింది! అయినా ఉబ్యేరాస్! ఇదేంటి మరి? ఇక్కడ సుబ్‌హుంతీబో వచ్చింది పని జరగనందుకు కాదు, ముందున్న 'సంతోషమేసింది' అనే మాట దాన్ని లాక్కొచ్చింది. సంతోషం, కోపం, అనుమానం, కోరిక, ఇలాంటి మాటల కింద ఉన్న వాక్యం సుబ్‌హుంతీబోలో ఉండాలి, ఆ పైమాట భూతకాలంలో ఉండి, కింది పని దానికంటే ముందే జరిగి ఉంటే ఈ కాలం వస్తుంది. జరిగిందా లేదా అన్నది వేరే గొడవ.

అందుకే తెలుగులో దీనికి ఒకే అచ్చు దొరకదు. సీ (షరతు చెప్పే మాట) తర్వాత వస్తే 'ఉంటే'. ఓహలా తర్వాత వస్తే 'ఉంటే బాగుండేది': ఓహలా ఉబ్యేరా ఎస్తుద్యాదో మాస్, ఇంకా చదివి ఉంటే బాగుండేది. (ఓహలా అరబీ నుంచి వచ్చిన మాట, దైవం తలిస్తే అని మొదటి అర్థం, స్పెయిన్‌లో అరబీ శతాబ్దాల పాటు వినిపించిన గుర్తు.) కోమో సీ తర్వాత వస్తే 'నట్టు': కోమో సీ నాదా ఉబ్యేరా పసాదో, ఏమీ జరగనట్టు. ఇక్కడ మనకి 'ఉంటే' ఊసే లేదు. 'నమ్మలేదు' తర్వాత వస్తే 'ఉంటారని': నో క్రేయీయా కే ఉబ్యేరాన్ యెగాదో, వాళ్లు వచ్చి ఉంటారని అనుకోలేదు. 'తెలీదు' అంటే మాత్రం ఎక్కువగా మళ్లీ మామూలు రూపమే, నో సబీయా కే అబీయాన్ యెగాదో, వాళ్లు వచ్చారని నాకు తెలీదు. అనుకోకపోవడానికీ తెలియకపోవడానికీ మధ్య ఉన్న సన్నని గీత మీద మొత్తం కాలమే మారిపోతోంది! ఇదండీ అసలు కష్టం. ఉబ్యేరామోస్ మీద గీత పెట్టడం కాదు. యాప్ నాకు వెయ్యిసార్లు ఉబ్యేరా టైప్ చేయించింది, ఎప్పుడు ఉబ్యేరా, ఎప్పుడు అబీయా అన్న ప్రశ్న మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఎందుకంటే కాలం పేరు అదే పైన రాసి ఇస్తుంది. కాలం పేరు ముందే చెప్పేశాక ఇంక ఆలోచించేదేముంది?

ఈమధ్య అప్‌డేట్‌లో 'వాక్యాలు' అని కొత్త విభాగం పెట్టారు, మంచిదే అని సంబరపడ్డా. అందులో మొదటి వాక్యమే "సీ మే ఉబ్యేరాస్ యమాదో, ____ ఈదో", నువ్వు ఫోన్ చేసి ఉంటే వెళ్లేదాన్ని. ఖాళీలో ఉబ్యేరా అని కొట్టాను. తప్పు, అబ్రీయా (అబేర్‌కే 'వెళ్లేదాన్ని' తరహాలో వచ్చే ఇంకో రూపం) అని రాయాలట. అబ్రీయా సరైనదే, కాదనను. కానీ రెండో సగంలో ఉబ్యేరా కూడా సరైనదే, స్పానిష్ మాట్లాడే అన్ని దేశాల్లోనూ వాడతారు, అకాడమీ కూడా ఒప్పుకుంటుంది. తిరగేసి, మొదటి సగంలో సీ తర్వాత అబ్రీయా పెడితే మాత్రం తప్పు. స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ ప్రాంతం, నబార్రా వైపు మాటల్లో అలా అనేవాళ్లున్నారు గానీ పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. అంటే 'ఉబ్యేరా రెండు పక్కలా చెల్లుతుంది, అబ్రీయా ఒక పక్కే చెల్లుతుంది' అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. యాప్ దాన్ని 'మొదట ఇది, తర్వాత అది' అని గోడ కట్టేసింది. ఇదీ రిపోర్ట్ చేశాను, ఇంకా జవాబు లేదు.

అదే విభాగంలో ఇంకో లోటు, సర్వనామాలు దాదాపు లేవు. నిజంగా మాట్లాడేటప్పుడు ఉబ్యేరాస్ దీచో అని ఎవరు ఒంటరిగా అంటారు? సీ మే లో ఉబ్యేరాస్ దీచో అంటారు, 'ఆ సంగతి నాకు చెప్పి ఉంటే'. 'నాకు', 'ఆ సంగతి' రెండూ ఉబ్యేరాస్‌కి ముందు రావాలి, మధ్యలోకి దూరకూడదు, చివర అతుక్కోకూడదు. 'కాదు' అనే నో అయితే వాటికీ ముందు. మనకి 'చెప్పి ఉండకపోతే' అని 'కాదు' అన్న అర్థం చివర్లో వచ్చి చేరుతుంది, కాబట్టి నా నాలుక ఎప్పుడూ నోని చివరికి తోసేసేది. ఈ వరస అలవాటవ్వాలంటే నోటితో వందసార్లు అనాలి. ఆ వందసార్లు అనిపించగల ఓపిక ఈ యాప్‌కి ఉంది, అనిపించదు, అదే నా బాధ.

మిగతావి త్వరగా. నియమం తప్పే క్రియల జాబితా బాగుంది, ఏచో, దీచో, బీస్తో, ఎస్క్రీతో, ప్వేస్తో, బ్వేల్తో, రోతో, అబ్యేర్తో అన్నీ ఉన్నాయి, రెండు రూపాలూ చెల్లే ఇంప్రిమీర్ లాంటివాటికి ఇంప్రిమీదో, ఇంప్రేసో రెండూ ఒప్పుకుంటుంది (సే రూపాలకి లేని ఉదారత దీనికెక్కడిదో). ఉచ్చారణ వినిపించే గొంతు మరమనిషిది, ఒంటరి మాటల్ని బాగానే పలుకుతుంది, వాక్యం ఇస్తే రైల్వే అనౌన్స్‌మెంట్. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, బ్యాటరీ తినదు, ప్రకటనలు ఉన్నాయి గానీ గొంతు మీద కూర్చోవు. బోసోత్రోస్ (స్పెయిన్ వాళ్ల 'మీరంతా') రూపాన్ని ఆపేసే మీట ఉంది, లాటిన్ అమెరికా స్పానిష్ నేర్చుకునేవాళ్లు మొదటి రోజే దాన్ని ఆపేసుకోండి, అక్కడ 'మీరంతా' అనడానికి ఉస్తేదేస్ అంటారు, దానికి 'వాళ్లు' రూపమే, ఉబ్యేరాన్. స్పెయిన్ పరీక్షకి వెళ్లేవాళ్లు మాత్రం ఉంచుకోండి.

యాప్‌లో నాకు నిజంగా నచ్చిన పాఠం ఏదో తెలుసా? నోటిఫికేషన్. ఒకరోజు జ్వరంతో పడుకుని ప్రాక్టీస్ చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది, చూస్తే స్పానిష్‌లో: "సీ ఉబ్యేరాస్ ప్రాక్తికాదో ఆయేర్, నో అబ్రీయాస్ పెర్దీదో తూ రాచా". నిన్న ప్రాక్టీస్ చేసి ఉంటే నీ వరస పోయేది కాదు. ఒళ్లు కాలిపోతూ మంచం మీద పడుకుని, ముందు చిరాకు పడ్డా, తర్వాత నవ్వొచ్చింది. అర్థం కోసం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు! తర్జుమా చేసుకోలేదు, పట్టిక గుర్తు తెచ్చుకోలేదు, దెప్పిపొడుపు నేరుగా వచ్చి గుచ్చుకుంది. మూడు నెలల్లో ఈ కాలంలో ఒక వాక్యం నాతో మాట్లాడినట్టు అనిపించింది అదొక్కసారే. ఆ నోటిఫికేషన్ రాసినవాళ్లకి చెప్పండి ఎవరైనా, మిగతా యాప్ కూడా వాళ్లే రాయాలి.

ఎవరు తీసుకోవచ్చు అంటే, సుబ్‌హుంతీబో ఎప్పుడు వాడాలో ఒక మేష్టారి దగ్గరో పుస్తకంలోనో ఇప్పటికే కాస్త చదువుకుని, చెయ్యి తిరగడం లేదని బాధపడేవాళ్లు తీసుకోండి, నెల రోజుల్లో తేడా తెలుస్తుంది. మొదటిసారి ఈ కాలం పేరు వింటున్నవాళ్లు దీంతో మొదలుపెట్టకండి, గళ్లు నిండుతాయి గానీ నోరు పెగలదు. వేసుకోగానే చెయ్యాల్సిన పని, సెట్టింగ్స్‌లో అడుగుకి వెళ్లి 'సే' మీట ఆన్ చెయ్యడం, కీబోర్డులో స్పానిష్ పెట్టుకోవడం, గీత కోసం ఆ అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే పైన వస్తుంది. ఇవి నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ 26 రోజుల వరస అక్కడ తెగేది కాదు. ప్రస్తుతం 12లో ఉన్నా. సర్వనామాలు పెట్టి, ఉబ్యేరా, అబ్రీయా గొడవ సరిచేసిన రోజు వచ్చి నాలుగో స్టారు ఇస్తాను.